మత్తువిద్యకు ఏ ఊరు?

1889లో లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు లండన్ నుండి ఓడెక్కి హైదరాబాదుకు వచ్చాడు. ఆయన సామాన్యుడు కాడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లోనే లోకానికి చెప్పినవాడు. అంతటివాడు ఇంత దూరం రావడానికి కారణం ఒక చిన్న సీసా: క్లోరోఫారం. అది మనిషిని చంపితే ఎలా చంపుతుంది, ముందు ఊపిరి ఆగుతుందా, ముందు గుండె ఆగుతుందా అన్న తగవు అప్పటికి నలభయ్యేళ్ళుగా తెగలేదు. దాన్ని తేల్చుకుందాం రండని పిలిచినవాడు హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఖర్చులకు వేయి పౌన్లు ఇచ్చినవాడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్. మత్తు శాస్త్రం నేర్చినవారంతా ఒక తెలుగు నేల నగరం వైపు చూసిన ఘడియ అది. మళ్ళీ అటువంటిది రాలేదనే అనుకుంటాను.

ఈ పాత ముచ్చట ఇప్పుడు తవ్వడానికి ఒక కారణం ఉంది. మా అక్క కూతురు పెరిగింది సీతంపేటలో. సవరలు, జాతాపులు ఉండే ఆ కొండల నడుమ, ఐ.టి.డి.ఏ. కార్యాలయం ఉన్న ఊరది. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత పార్వతీపురం మన్యం జిల్లా. అమ్మాయి విశాఖలో ఎం.బి.బి.ఎస్. చదివి, అమెరికా పరీక్షలు గట్టెక్కి, అనస్థీషియాలో రెసిడెన్సీకి దరఖాస్తులు పెట్టింది. కొన్ని చోట్ల నుండి ఇంటర్వ్యూకు పిలుపులు వచ్చాయి. కొన్ని తేదీలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. "మామయ్యా, దేనికి ఒప్పుకోను, దేన్ని వదులుకోను?" అని జాబితా పంపింది. నేను వైద్యుణ్ణి కాను. పాత కాగితాలు తిరగేసే అలవాటున్నవాణ్ణి మాత్రమే. కనుక నాకు తెలిసిన మార్గంలోనే, అంటే వెనక్కి నడిచి, జవాబు వెతికాను. ఆ వెతుకులాటలో దొరికినవి ఇక్కడ పెడుతున్నాను.

మొదట లారీ సంగతి. ఆయన ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. 1847 నవంబరులో సింప్సన్ క్లోరోఫారం మత్తును కనుగొన్నది ఆ ఊళ్ళోనే. సైమ్ పద్ధతి సులువైనది: మడతపెట్టిన గుడ్డమీద మందు పోయాలి, గాలి ధారాళంగా ఆడనివ్వాలి, రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి, నాడి చూడనక్కరలేదు. లండన్ వారి దారి వేరు. జాన్ స్నో, ఆయన తర్వాత జోసెఫ్ క్లోవర్, మందు పాళ్ళు కొలిచి ఇచ్చే పరికరాలు చేసుకున్నారు. క్లోవరైతే వేలు నాడి మీదనుండి తీసేవాడు కాదంటారు. వారి భయానికి కారణం లేకపోలేదు. 1848 జనవరిలో, అంటే క్లోరోఫారం వచ్చి మూడు నెలలైనా నిండకముందే, హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోబోయి క్షణాల్లో ప్రాణం విడిచింది.

మన సంగీతంలో బాణీలు ఉన్నట్టే ఇవి రెండు బాణీలు. ఏ గురువు దగ్గర కూర్చుంటే ఆ గురువు గమకమే గొంతులో పడుతుంది. లారీ తన గురువు బాణీని ఓడలో వేసుకుని హైదరాబాదుకు తెచ్చాడు. 1846లో నిజాము నెలకొల్పిన వైద్య పాఠశాల అప్పటికే ఉంది. 1885లో వచ్చిన లారీ దాని పెత్తనం చేపట్టి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో విద్యార్థులకు సైమ్ పాఠాన్నే చెప్పాడు. తన చేతులమీదుగా వేల మందికి క్లోరోఫారం ఇచ్చామనీ, ఒక్క ప్రాణమూ పోలేదనీ చాటుకున్నాడు. 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ కుక్కలమీద ప్రయోగాలు చేసి ఆయన మాటే నిజమంది. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అందుకే రెండో కమిషన్, అందుకే బ్రంటన్ రాక.

బ్రంటన్ వచ్చినప్పుడు ఆయన నమ్మకం వేరు: క్లోరోఫారం నేరుగా గుండెను ఆపగలదని. రెండో కమిషన్‌లో నాలుగు వందలకు పైచిలుకు జీవాలు బలయ్యాయి. కుక్కలు, కోతులు, మేకలు, కుందేళ్ళు, గుర్రాలు సైతం. చివరికి బ్రంటన్ కూడా లారీ పక్షానికే వచ్చేశాడు. ముందు ఊపిరే ఆగుతుంది, ఊపిరి చూసుకుంటే చాలు అని 1890లో లాన్సెట్ పుటలనిండా అచ్చయింది. హైదరాబాదు గెలిచింది.

ఆ గెలుపు నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులమీద చూపించాడు: క్లోరోఫారం తక్కువ పాళ్ళలో, మత్తు పైపైన ఉన్నప్పుడు, గుండె లయ తప్పి గడగడలాడి ఉన్నపాటున ఆగిపోగలదు. భయపడిన రోగిలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. హానా గ్రీనర్ అలాగే పోయి ఉంటుందని తర్వాతివారు చాలామంది భావించారు. కమిషన్ వారు కొలిచినదంతా అబద్ధం కాదు. మందు మోతాదు మించితే ముందు ఆగేది ఊపిరేనన్నది నిజమే. కాని రెండో చావు ఒకటుందని వారి కంట పడలేదు. పడనివ్వలేదు అనాలేమో! ఒక్క ప్రాణమూ పోలేదని చెప్పుకునే చోట, పోయిన ప్రాణం గురించి నలుగురూ కూర్చుని మాట్లాడుకునే వీలు ఎక్కడిది? అక్కడి విద్యార్థికి నాడిమీద వేలు ఉంచమని ఎవరు చెబుతారు?

నేను అమ్మాయికి రాసిన మొదటి సంగతి ఇదే. పేరున్న చోటు అంటే బలమైన బాణీ ఉన్న చోటు. ఆ బాణీతోపాటు దాని గుడ్డితనం కూడా దక్షిణ లేకుండానే సంక్రమిస్తుంది.

అయితే లారీని ఇంతటితో వదిలేస్తే అన్యాయం. ఆయన చేసిన గొప్ప పని కమిషన్ కాదని నా అభిప్రాయం. 1885లో ఆయన ప్రోత్సాహంతో హైదరాబాదు వైద్య పాఠశాలలో అయిదుగురు ఆడపిల్లలు చేరారు. వారిలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి. 1889లో చదువు ముగించి, క్లోరోఫారం ఇవ్వడమే తన వృత్తి చేసుకున్నారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనూ, రెసిడెన్సీ ఆసుపత్రిలోనూ, జనానా ఆసుపత్రిలోనూ ఏళ్ళ తరబడి ఆ పని చేశారు. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తువైద్యురాలు ఈవిడేనని చాలామంది రాస్తారు. 'మొట్టమొదటి' పోటీలమీద నాకు పెద్ద మోజు లేదు. అమెరికాలో అదే కాలంలో నర్సులు మత్తు ఇచ్చేవారు, వారి లెక్క వేరు. నన్ను ఆకట్టుకున్నది ఆవిడ 1909లో చేసిన పని.

అప్పటికి వృత్తిలో ఇరవయ్యేళ్ళు. ఇక నేర్చుకోవలసినది ఏముందని కూర్చోవచ్చు. కాని రూపాబాయి ఎడిన్‌బరోకు ప్రయాణం కట్టారు. పరిచయలేఖ ఇచ్చినవారు అనీ బిసెంట్. మత్తువిద్యకు ఆనాడు పట్టా లేదు. పట్టా మాట అటుంచి, ఆ పేరుతో ఒక శాఖే లేదు. ఏ విద్యాలయానికి వెళ్ళినా ఆవిడ చేస్తున్న పనికి సరిపడే చదువు లేదు. అప్పుడు ఎంచుకున్నవి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. ఎందుకని? క్లోరోఫారం అనేది ఒక ఆవిరి. ఆవిరి ఎండకు ఎలా లేస్తుంది, చలికి ఎలా అణగుతుంది, గాలిలో ఎన్నో పాలు కలిస్తే ఎంత బలం అన్నవి ఆ రెండు శాస్త్రాల ప్రశ్నలు. మే నెల హైదరాబాదులో గుడ్డమీద పోసిన క్లోరోఫారం, ఎడిన్‌బరో చలిలో పోసిన క్లోరోఫారం ఒకటి కాదు కదా! ఇరవయ్యేళ్ళు చేతితో ఎరిగిన దాన్ని లెక్కతో ఎరగాలని వెళ్ళారేమో అని నా ఊహ. ఊహే సుమండీ. ఆవిడ మనసులోని మాట రాసిన కాగితం నా చేతికి చిక్కలేదు. తిరిగి వచ్చి మళ్ళీ హైదరాబాదులోనే పనిచేసి, 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా విరమించారు. మధ్యలో, 1908 సెప్టెంబరు మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఊడ్చుకుపోయింది. ఎడిన్‌బరో ప్రయాణం దాని మరుసటి ఏడే. ఈ రెంటికీ ముడి ఉందో లేదో కాని, పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోతున్నాను.

ఇక సముద్రం ఆవలికి. 'రెసిడెన్సీ' అని నేడు మనం పిలుచుకునే పద్ధతిలో మత్తువిద్య నేర్పడం మొదలైనది బోస్టన్‌లో కాదు, న్యూయార్కులోనూ కాదు. 1846 అక్టోబరు 16న ఈథర్ మత్తును లోకానికి చూపిన బోస్టన్‌కు ఆ కీర్తి దక్కి ఉంటే బాగుండేది. దక్కలేదు. 1927లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో, రాల్ఫ్ వాటర్స్ దానికి శ్రీకారం చుట్టాడు. ఆయన అంతకుముందు అయోవాలో సూ సిటీ అనే ఊళ్ళో వైద్యుడు. ఒక చిన్న గదిలో చిన్నచిన్న శస్త్రచికిత్సలకు మత్తు ఇస్తూ బతికినవాడు. మాడిసన్‌లో ఆయన పెట్టిన నియమాల్లో నాకు నచ్చినది వారం వారం జరిగే సమావేశం. ఆ వారం ఎవరికి మత్తు వికటించింది, ఎవరు పోయారు, ఎందుకు పోయారు అని శిష్యుల ఎదుట, శిష్యులతో కలిసి విప్పి చూడడం. అఫ్జల్‌గంజ్‌కు, మాడిసన్‌కు ఉన్న తేడా ఈ ఒక్క గదిలో ఉంది.

మాడిసన్‌కు వెళ్ళి నేర్చుకున్నవారిలో వర్జీనియా ఆప్గర్ ఒకరు. ఈవిడ కథ మా అమ్మాయి ప్రశ్నకు అతి దగ్గరి చుట్టం. 1933లో కొలంబియాలో వైద్యవిద్య ముగించి, శస్త్రచికిత్స నేర్చుకోవాలని చేరారు. ఆర్థికమాంద్యం రోజులు. ఆడ సర్జనుకు రోగులు రారమ్మా, మత్తువైద్యంలోకి వెళ్ళు అని ఆవిడ పెద్ద డాక్టరు అలెన్ విపుల్ సలహా ఇచ్చాడు. అది వివక్షా, దూరదృష్టా అంటే రెండూనేమో. సర్జన్లు ముందుకు పోవాలంటే మత్తు శాస్త్రం ముందుకు పోవాలని ఆయనకు తెలుసు. సరే, ఎక్కడ నేర్వాలి? 1934లో ఆవిడ మక్‌మెకన్ అనే ఆయనకు ఉత్తరం రాశారు. ఆయన వద్ద పదమూడు చోట్ల జాబితా ఉంది. కొన్ని చోట్ల రెండు వారాల చదువు, కొన్ని చోట్ల మూడేళ్ళు. జీతం ఇచ్చేవి రెండే రెండు. ఊహించండి: దేశం మొత్తానికి పదమూడు పేర్లు, ఒక కాగితం, ఒక స్త్రీ.

ఆవిడ 1937లో ఆరు నెలలు మాడిసన్‌లో వాటర్స్ దగ్గర, మరో ఆరు నెలలు న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రిలో రోవెన్‌స్టైన్ దగ్గర గడిపారు. రోవెన్‌స్టైన్ కూడా వాటర్స్ శిష్యుడే. అంటే ఒకే బాణీని రెండు ఊళ్ళలో విన్నారన్నమాట. మాడిసన్‌లో ఆడ డాక్టరుకు వసతి లేదు. మొదటి రోజుల్లో వాటర్స్ గారి ఆఫీసు గదిలోనే పడుకున్నారట. ఏ చదువుకు ఎంత గొప్ప పేరున్నా రాత్రి ఎక్కడ పడుకుంటామన్నది చిన్న ప్రశ్న కాదని మన ఆడపిల్లల తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. 1938లో కొలంబియాకు తిరిగివచ్చి ఆ విభాగాన్ని నిలబెట్టారు. తర్వాత పురిటిగదుల్లో మత్తు ఇస్తూ, పుట్టిన బిడ్డ స్థితిని అయిదు లక్షణాలతో పది మార్కులకు కొలిచే పద్ధతి చెప్పారు. 1953లో అది అచ్చయింది. సీతంపేట ఆసుపత్రిలో ఈ రాత్రి పుట్టే బిడ్డకు కూడా, ఊపిరి, గుండె వేగం, ఒంటి రంగు చూసి వేసే మార్కు ఆవిడదే.

ఆక్స్‌ఫర్డు గురించి రెండు మాటలు. 1937లో లార్డ్ నఫీల్డ్ వైద్యవిద్యకు భారీ విరాళం ఇస్తూ, మత్తుశాస్త్రానికీ ఒక ఆచార్యపీఠం ఉండాలని పట్టుబట్టాడు. మత్తుకు ఆచార్యుడేమిటని విశ్వవిద్యాలయం పెద్దలు మొగం చిట్లించారు. విరాళం రెట్టింపై, పీఠం నిలిచింది. దానిమీద కూర్చున్న రాబర్ట్ మాకింటాష్ అంతర్యుద్ధం నడుస్తున్న స్పెయిన్‌కు వెళ్ళి చూశాడు: అక్కడ వాయువుల సిలిండర్లు లేవు, మంచి యంత్రాలు లేవు. ఆ తర్వాత ఆయన బృందం చేసిన పరికరాలకు సిలిండరే అక్కరలేదు. రోగి పీల్చుకునే మామూలు గాలే ఈథర్ మీదుగా ప్రవహించి మత్తును మోసుకొస్తుంది. ఈ.ఎం.ఓ. అనే అటువంటి పెట్టె ఆసియా, ఆఫ్రికా దేశాల చిన్న ఆసుపత్రుల్లో దశాబ్దాలపాటు పనిచేసింది. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన పీఠం బీద ఆసుపత్రి కోసం పరికరం చేయడం అరుదైన సంగతి కనుక చెప్పాను.

మన ఇంటి సంగతికి వస్తే, విశాఖలో వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో మొదలయ్యాయి. ఉత్తరాంధ్ర కొండలనుండి పెద్ద జబ్బుతో దిగే ప్రతి మనిషికీ కె.జి.హెచ్.యే చివరి గడప. 2008లో శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక ఒక గడప తోడైంది. మన దేశంలో స్నాతకోత్తర వైద్యవిద్యకు ఇంటర్వ్యూ లేదు. 2013లో తొలిసారి, 2017నుండి ఏటేటా, నీట్ పరీక్ష, ర్యాంకు, కౌన్సెలింగు. కాలేజీ మనల్ని చూడదు, మనం కాలేజీని చూడం. న్యాయం ఉంది అందులో, పలుకుబడి నడవదు. కాని "మీ దగ్గర పోయిన రోగుల గురించి ఎలా మాట్లాడుకుంటారు?" అని అడిగే అవకాశం విద్యార్థికి లేదు.

అమెరికాలో ఆ అవకాశం ఉంది. 1952నుండి అక్కడ మ్యాచ్ అనే ఏర్పాటు నడుస్తోంది: అభ్యర్థి తనకు నచ్చిన చోట్లను వరుసగా రాస్తాడు, ఆ చోట్లు తమకు నచ్చినవారిని వరుసగా రాస్తాయి, యంత్రం జత కలుపుతుంది. మన పెళ్ళిళ్ళ పేరయ్యకు గణితం నేర్పినట్టు. దాని వెనుక ఉన్న సిద్ధాంతానికీ, దాన్ని ఆచరణలో పెట్టినందుకూ షాప్లీ, రోత్‌లకు 2012లో నోబెల్ వచ్చింది. ఆ గణితం చెప్పే సలహా ఒక్కటే: ఎవరు తీసుకుంటారో ఊహించకు, నీకు ఏది నిజంగా ఇష్టమో ఆ క్రమంలోనే రాయి. 2020లో కోవిడ్ వచ్చాక ఇంటర్వ్యూలు చాలావరకు కంప్యూటరు తెరమీదికి మారాయి. సీతంపేటనుండి వెళ్ళేవారికి విమానం ఖర్చు తప్పింది. ఆపరేషను గది వాసన, అక్కడి నర్సు మొగం, డ్యూటీ దిగిన జూనియరు కళ్ళు చూసే వీలూ తప్పింది.

ఇక అసలు చిక్కు. పరదేశి వైద్యులు చాలామంది వెళ్ళేది జె-1 వీసామీద. చదువు ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్నది దాని షరతు. ఆ షరతు తప్పించుకోవడానికి 1994నుండి ఒక దారి ఉంది: వైద్యులు దొరకని అమెరికా పల్లెల్లో, బీదపేటల్లో మూడేళ్ళు పనిచేయడం. అంటే డాక్టరు లేని మన కొండను వదిలి వెళ్ళిన పిల్ల, డాక్టరు లేని వారి పల్లెకు మొక్కు తీర్చుకుంటుంది! నవ్వాలో ఏడవాలో తెలియదు నాకు. అమెరికా స్నాతకోత్తర విద్యను 2008నుండి మన ప్రభుత్వం గుర్తిస్తోంది కనుక తిరిగి రావడానికి చట్టం అడ్డు కాదు. అడ్డు మరెక్కడో ఉంది.

కొండమీద గూడెంలో నొప్పులు మొదలైన తల్లిని డోలీలో మోసుకొస్తారు. కిందికి దిగాక బిడ్డ అడ్డం తిరిగిందని తేలితే కోత తప్పదు. కోసే డాక్టరు ఉన్నా, మత్తు డాక్టరు లేకపోతే కత్తి ముట్టరాదు. అప్పుడు మళ్ళీ బండి, మళ్ళీ ఘాట్ దారి. ఈ కొరత ఎంత పాతదంటే, కేంద్ర ప్రభుత్వం మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకే పద్దెనిమిది వారాల మత్తు శిక్షణ ఇచ్చి పురుళ్ళకు నిలబెట్టే పథకం ఒకటి పెట్టవలసి వచ్చింది. పద్దెనిమిది వారాలు! వెన్నులో సూది, కెటమిన్, గొంతులో గొట్టం దించడం, బిడ్డకు ఊపిరి పోయడం. అది చాలదనేవారున్నారు. చాలదు నిజమే. ఆ పూట బండిలో ఉన్న తల్లికి అది కూడా లేదు.

కనుక జాబితాను ఇలా విడగొట్టమన్నాను. గుండె మార్పిడులకూ, రోబో శస్త్రచికిత్సలకూ పేరుపడ్డ చోట్లు కొన్ని. పురుళ్ళు విరివిగా జరిగే ప్రభుత్వాసుపత్రి, యంత్రం పాడైతే చేతితో నడిపించడం నేర్పే చోటు కొన్ని. మొదటి రకం చదువు సీతంపేటకు తెస్తే సగం పెట్టెలోనే ఉండిపోతుంది. రెండో రకం ఎక్కడైనా పనికొస్తుంది, అమెరికాలో కూడా. తేదీలు ఢీకొన్నచోట రెండోదానికే ఒప్పుకొమ్మన్నాను. అమ్మాయి వెంటనే తలూపలేదు. "పెద్ద పేరున్న చోటు నేర్పేది పెద్ద యంత్రం ఒక్కటే కాదు మామయ్యా, రోగి చేయి జారుతున్నప్పుడు కంగారుపడకపోవడం కూడా అక్కడే ఎక్కువ నేర్పుతారు, అంత జబ్బుపడ్డవాళ్ళు అక్కడికే వస్తారు గనుక" అంది. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆప్గర్ కూడా చిన్న ఊరు మాడిసన్, మహానగరపు బెల్‌వ్యూ రెండూ చూశారు కదా అని మాత్రం అన్నాను.

మాటల్లో గిడుగు రామమూర్తి పంతులు గారు వచ్చారు. ఆ కొండల ప్రస్తావనలో ఆయన రాకుండా ఎలా? పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకోవడానికి ఏ విద్యాపీఠానికీ పోలేదు. ఆ భాష వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, గూడేలు తిరిగారు. మన్యపు జ్వరం పట్టింది, దానికి మింగిన క్వినైను చెవులు తీసుకుపోయింది. 1931లో సవర వ్యాకరణం అచ్చయ్యేనాటికి ఆ భాషను సరిగ్గా వినే చెవి ఆయనకు లేదు. ఈ సంగతి నేను చెబుతుంటే అమ్మాయి, మత్తు ఇచ్చే ముందు రోగితో ఆఖరి మాట మాట్లాడేది మత్తు డాక్టరే కదా, సవర తల్లికి ఆ మాట ఏ భాషలో చెప్పాలి అంది. చిన్నప్పుడు బడిలో నేర్చిన సవర మాటలు ఇంకా ఇరవయ్యో ముప్పయ్యో గుర్తున్నాయట.

చివరికి ఇంటర్వ్యూల్లో అడగడానికి రెండు ప్రశ్నలు రాసుకుంది. రోగి చనిపోయిన కేసుల సమావేశంలో జూనియర్లు నోరు విప్పవచ్చా అన్నది ఒకటి. యంత్రాలు, సిలిండర్లు లేనిచోట మత్తు ఇవ్వడం మీరు నేర్పుతారా, అటువంటి చోటికి కొన్ని నెలలు పంపుతారా అన్నది రెండోది. వసతి గురించి అడగమని నేను మూడోది చేర్చాను. అది ఇంటర్వ్యూలో అడిగేది కాదని కొట్టేసింది.